తిరగేసి చూసిన ఇంజన్

రైలింజన్ కనిపెట్టినవాడెవడో గానీ, ముందు మా తాతయ్యకు ఒక మాట చెప్పి ఉంటే ప్రపంచంలో ఇంతవరకు ఒక్క రైలూ ఆలస్యంగా వచ్చేది కాదు. తాతయ్య ఆ ఇంజన్ని తిరగేసి, చక్రం మీద బొటనవేలు ఆన్చి, ఈ పళ్ళచక్రం మార్చు, ఇక్కడ రెండు చుక్కలు నూనె వెయ్యి, రంగు సంగతి తర్వాత చూద్దాం అని చెప్పి పంపేసేవాడు. ఆ రోజుల్లో ఆయన పుట్టకపోవడం లోకం చేసుకున్న ఖర్మ. అందులో తాతయ్య తప్పేమీ లేదు. ఆయన్ని కన్నవాళ్ళు తొందరపడలేదు, అంతే.

నిజానికి మా తాతయ్య కుట్టుమిషన్ల మెకానిక్. మా అమ్మకు నాన్న. ఇంటి ముందుగదే షాపు. గోడకు మిషన్ బెల్టులు వేలాడుతుంటాయి, పాత బిస్కెట్ డబ్బాల నిండా బాబిన్లు, మరలు, స్ప్రింగులు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాక, ఖాళీగా తిరక్కుండా ఏదో ఒక పని నేర్చుకోమని అమ్మ నన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది. ఇప్పటివరకు నేను బాగా నేర్చుకున్నవి రెండు. సూది మార్చడం, తాతయ్యను ఏడిపించడం.

ఈ రైళ్ళ పిచ్చి ఎలా పట్టిందంటే, ఇరవై ఏళ్ళ కింద ఒక దర్జీ తన కూతురి బొమ్మ రైలింజన్ తెచ్చి బల్లమీద పెట్టాడట. కరెంటు ఇస్తే మూలుగుతోంది గానీ కదలడం లేదు. తాతయ్య తిరగేసి చూస్తే ఇరుసుకు బారెడు దారం చుట్టుకుని ఉంది. రోజూ మిషన్లలో చూసే జబ్బే. పట్టకారుతో లాగిపారేశాడు. ఇంజన్ పరుగెత్తింది, దాని వెనక మా తాతయ్య పరుగెత్తాడు, ఇంకా ఆగలేదు. పాత తలుపుచెక్క మీద పట్టాలు బిగించుకున్నాడు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరు పిల్లలకు రైలు కొనాలన్నా మా ముందుగదికి వచ్చి అడిగి వెళ్ళేవారు.

కంపెనీల పేర్లకు తాతయ్యకు నోరు తిరగదు. డబ్బా రంగును బట్టి పిలుస్తాడు. ఎర్రడబ్బా వాళ్ళ ఇంజన్ పెళ్ళికొడుకులా తళతళలాడుతుంది గానీ లోపలి పళ్ళచక్రం ప్లాస్టిక్కు, ఏడాది తిరక్కుండా చీలుతుంది. తెల్లడబ్బా వాళ్ళది అన్నిటికంటే చవక. అయితే దాని అడుగున మరలు ఉండవు, జిగురుతో అతికించేస్తారు. విప్పడానికి వీల్లేనిది వస్తువే కాదని తాతయ్య వాదన. ఇక ఆయన మనసు దోచుకున్నది నీలండబ్బా. చూడ్డానికి ఇనప్పెట్టెకు చక్రాలు పెట్టినట్టు ఉంటుంది. రంగు కూడా ఎవరో తిట్టుకుంటూ వేసినట్టు ఉంటుంది. కానీ పళ్ళచక్రాలు ఇత్తడివి, నాలుగు మరలు తీస్తే మూత చేతికొస్తుంది. మోటారులో అరిగిపోయే బొగ్గుముక్కల కోసం కంపెనీకి ఉత్తరం రాయక్కర్లేదు, కుట్టుమిషన్ మోటారువి కాస్త ఆకురాయితో రుద్దితే సరిపోతాయి.

ఏ ఇంజన్నీ ఎంత వేగంగా పోతుందని చూడడు. ఎంత నెమ్మదిగా పోగలదో చూస్తాడు. తలుపుచెక్క మీద ఒక చుట్టు తిరగడానికి దానికి ఆయన టీ తాగేంత సేపు పట్టాలి, మధ్యలో ఒక్కసారి కూడా తడబడకూడదు. అది తిరుగుతుంటే స్క్రూడ్రైవర్ మొన దాని వీపు మీద ఆన్చి పిడి చెవికి పెట్టుకుని వింటాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి, పెద్దాసుపత్రిలో కూడా అంత గంభీరమైన డాక్టరు దొరకడు.

మా షాపుకు నియమం ఒక్కటే. ఎవరి వస్తువునైనా తిరగేసి చూసినవాళ్ళు, చూసింది చెప్పి తీరాలి. అడిగినా, అడగకపోయినా. ఒకసారి పక్కింటావిడ మిషన్ అడుగున బీట కనిపిస్తే, ఆవిడ వచ్చింది బెల్టు కోసమే కదా అని నేను ఊరుకున్నాను. దానికి శిక్షగా రెండు రోజులు గదిలో ఉన్న ప్రతి స్పానర్నీ కిరసనాయిలుతో తోమించాడు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంత గొప్ప తాతయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఆ జబ్బు పేరు మా నాన్నకు నాన్న.

ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. మూడు వీధుల అవతల ఉంటాడు. నేను స్టేషన్ తాతయ్య అంటాను. వియ్యంకులిద్దరూ ఎదురుపడితే బావగారూ అంటే బావగారూ అనుకుంటూ నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఆయన అటు తిరగ్గానే మా తాతయ్య మొహం మాడిపోతుంది. కారణం ఏమిటంటే, ఆయన రిటైరై ఇంటి దగ్గర ఉండటం మొదలుపెట్టాక జనం బొమ్మ రైళ్ళ గురించి కూడా ఆయన్నే అడగసాగారు. నలభై ఏళ్ళు నిజం రైళ్ళు పంపిన మనిషి కదా అని.

"జెండా ఊపినవాడికి ఇంజన్ కడుపులో ఏముందో తెలుస్తుందా?" అన్నాడు తాతయ్య ఒకరోజు, ఎదురుగా ఉన్న మిషన్ని ఉద్దేశించి. "శుభలేఖలు పంచినవాడికి కాపురం సంగతి తెలుస్తుందా?"

దీనికి తోడు రిటైరైన రోజు తోటివాళ్ళంతా కలిసి స్టేషన్ తాతయ్యకు పచ్చడబ్బా ఇంజన్ కానుకగా ఇచ్చారు. నల్లటి ఒళ్ళు, ఇత్తడి అంచు పొగగొట్టం, పక్కన బంగారు గీత. నడిస్తే చప్పుడే ఉండదు. దాన్ని హాల్లో అద్దాల బీరువాలో పెట్టాడు. మా తాతయ్య అక్కడికి వెళ్ళినప్పుడల్లా బీరువాకు వీపు పెట్టి కూర్చుంటాడు, అదంటే లెక్కలేనట్టు. ఎదుటి గోడకు నిలువుటద్దం ఉంది. టీ తాగుతున్నంతసేపూ అందులోంచి దాన్నే చూస్తాడు. నేను ఇటువైపు బిస్కెట్లు తింటూ ఆయన్ని చూస్తాను.

ఇలా లోలోపల ఉడుకుతున్న రోజుల్లో పిల్లల ఆసుపత్రి సంగతి వచ్చింది. మా వీధి చివర ఉంది అది. ఇంజెక్షన్ల గది బయట పిల్లలు ఏడవకుండా డాక్టరమ్మ గోడ చుట్టూ ఎత్తుగా సన్నటి చెక్క బల్ల కొట్టించి, దానిమీద రైలు తిప్పిస్తుంది. తలుపు దగ్గర ఆ బల్ల గుమ్మం మీదుగా ఎక్కి దిగుతుంది. అదొక చిన్న కొండ. ఆ పట్టాల మీద తిరిగిన ఎర్రడబ్బా ఇంజన్ పళ్ళచక్రం చీలి చచ్చిపోయింది. కొత్తది ఏది పెట్టాలో చెప్పమని డాక్టరమ్మ కబురు పంపింది, మా తాతయ్యకు కాదు.

ఈ వార్త అమ్మ చెప్పింది. ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగానే చెప్పింది. తాతయ్య ఆ పూట ఒక మిషన్కు బాబిన్ కేసు తలకిందులుగా బిగించాడు. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో మొదటిసారి.

సాయంత్రం చెప్పుల్లో కాళ్ళు పెట్టి తనే ఆసుపత్రికి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు గానీ, డాక్టరమ్మ ఎవర్నీ నొప్పించని మనిషి. ఆదివారం రోగులు ఉండరు కాబట్టి ఇద్దరూ చెరో ఇంజన్ తీసుకురండి, ఆరు పెట్టెలు తగిలించి గోడమీద నడిపిద్దాం, కొండ బాగా ఎక్కినదాన్ని ఉంచుదాం అందట.

ఆదివారం ఉదయం తాతయ్య నీలండబ్బా చంకలో పెట్టుకుని, వియ్యంకుణ్ణి తోడు తీసుకెళదామని వాళ్ళింటికి దారి తీశాడు. నేనూ వెంటపడ్డాను. స్టేషన్ తాతయ్య తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. తన ఇంజన్ తీసి రెండు చేతులతో మా తాతయ్యకు అందించాడు.

"ఒక చుక్క నూనె మీ చేత్తో వెయ్యండి బావగారూ. మీ చెయ్యి పడితే దానికీ మంచిది."

తాతయ్య తిరగేశాడు. వెనక చక్రాలు రెండింటికీ గాడిలో సన్నటి రబ్బరు రింగులు ఉండాలి. పట్టామీద జారకుండా పట్టు ఇచ్చేవి అవే. ఎడమ చక్రానికి ఉంది. కుడి చక్రం గాడి ఖాళీగా ఉంది. తాతయ్య బొటనవేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నూనె డబ్బా తీసి చుక్క వేసి, గుడ్డతో తుడిచి ఇచ్చేశాడు. నోరు విప్పలేదు. నేనూ చూశాను. కానీ తిరగేసింది నేను కాదు కదా.

ఆసుపత్రిలో ముందు పచ్చడబ్బా నడిచింది. చదునుగా ఉన్నంతసేపూ నీళ్ళమీద పడవలా పోయింది. స్టేషన్ తాతయ్య కింద నిలబడి, అలవాటు పోక, చెయ్యి ఊపుతున్నాడు. కొండ దగ్గర చక్రాలు గిర్రున తిరిగాయి, ఇంజన్ ముందుకు పోలేదు. ఆరు పెట్టెల బరువుకు మెల్లగా వెనక్కి జారింది. మూడుసార్లు అంతే. తర్వాత మా నీలండబ్బా గొణుక్కుంటూ, సణుక్కుంటూ ఎక్కి అవతల దిగింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

స్టేషన్ తాతయ్య తన ఇంజన్ని ఫ్లానెల్ గుడ్డలో చుట్టుకున్నాడు.

"నా సర్వీసులో ఒక్క బండి కూడా ఘాట్ కొండ మీద ఆగిపోలేదు బావగారూ" అన్నాడు, అంతే. గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.

తాతయ్య సంతోషం ఆసుపత్రి మెట్లు దిగేదాకా ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి లేదు.

స్టేషన్ తాతయ్య ప్రతి గురువారం మా ముందుగదికి టీకి వస్తాడు. ఆ గురువారం రాలేదు, పై గురువారమూ రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి చూస్తే అద్దాల బీరువాలో ఇంజన్ లేదు, మంచం కింద డబ్బాలో ఉంది. ఈలోగా ఆసుపత్రి నర్సు మా ఇంజన్ మీద ఒక మాట మోసుకొచ్చింది. అంతా బాగానే ఉంది గానీ, అది కుట్టుమిషన్లా టకటకలాడుతుంటే ఒళ్ళో నిద్రపోయిన పసిపిల్లలు లేచి కూర్చుంటున్నారట.

ఆ మధ్యాహ్నం ఒక మిషన్ తిరగేసి, అడుగున తుప్పు చూసి, నేను అమాయకంగా అడిగాను.

"తాతయ్యా, తిరగేసినవాళ్ళు చూసింది చెప్పాలా? ఆ నియమం ఇంకా ఉందా, ఎత్తేశావా?"

తాతయ్య నావైపు చూడలేదు. డబ్బాలన్నీ గలగలా వెతికి, మిషన్లో బాబిన్ చుట్టే చక్రానికి వేసే రబ్బరు రింగు ఒకటి తీశాడు. దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, దారమంత సన్నగా చేశాడు. ఒకటి తెగింది, రెండోది వంకర పోయింది, మూడోది కుదిరింది. దాన్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని, స్టేషన్ తాతయ్య మర్చిపోయిన గొడుగు పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట నడిచాను.

స్టేషన్ తాతయ్య మంచం కింది డబ్బా బయటికి లాగాడు. తాతయ్య నేలమీద కూర్చుని, ఇంజన్ తిరగేసి, రింగు గాడిలోకి ఎక్కించి, వేలితో రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు.

"ఆదివారం పొద్దునే చూశాను బావగారూ. చూసి చెప్పలేదు. కుళ్ళుతో చెప్పలేదు."

"మీ వేలు ఆ చక్రం దగ్గర ఆగింది. నేనూ చూశాను" అన్నాడు స్టేషన్ తాతయ్య. "ఏమిటని అడగలేదు. అడిగితే నాకు ఏమీ తెలియదని తేలిపోతుంది కదా. బండి బయల్దేరితే ఎక్కడ ఆగాలో చెప్పగలను గానీ, దాని కడుపులో ఏముందో నాకేం తెలుసు? మీ చేతులు చూస్తే నాకు ఇరవై ఏళ్ళుగా మంట. ఈ పిల్ల కూడా మీ దగ్గరే కూర్చుంటుంది."

నేను గోడకేసి చూశాను. తాతయ్య నూనె డబ్బా మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

మర్నాడు పచ్చడబ్బా ఎనిమిది పెట్టెలతో కొండ ఎక్కింది. చప్పుడు లేదు. ఒక తల్లి ఒళ్ళో పాప నిద్రలోంచి లేవలేదు. ఇప్పుడు ఏది ఉంచమంటారు అని డాక్టరమ్మ ఈసారి మా తాతయ్యనే అడిగింది. స్టేషన్ తాతయ్య రిటైరైనప్పటినుంచి మా తాతయ్య వినాలనుకున్న ప్రశ్న అది. తాతయ్య మందుల షెల్ఫు కేసి చూశాడు, నాకేసి చూశాడు, చివరికి పైకి, పట్టాల కేసి చూశాడు.

"అదే ఉంచండి" అన్నాడు. "దాని బొగ్గుముక్కలు ఎక్కడా దొరకవు, అది గుర్తుపెట్టుకోండి. ఆగిపోయిన రోజున మా నీలండబ్బా వేద్దాం, కింద అరలో పెట్టి వెళుతున్నాను."

అప్పటినుంచి ప్రతి శనివారం తాతయ్య ఆసుపత్రికి వెళ్ళి, స్టూలు ఎక్కి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని ఆ ఇంజన్ గుండె వింటాడు. కింద కుర్చీలో స్టేషన్ తాతయ్య పిల్లలకు అది నా బండి అని చెబుతుంటాడు. పిల్లలంతా ఆయన చుట్టూ చేరతారు. స్టూలు మీద ఉన్న మనిషిని ఎవరూ చూడరు. అరలో నీలండబ్బా ఇంకా పెట్టింది పెట్టినట్టే ఉంది. పచ్చడబ్బా ఒక్కసారి కూడా ఆగలేదు, తాతయ్య అంత బాగా నూనె వేస్తున్నాడు మరి.

మొన్న శనివారం స్టూలు పట్టుకుని నిలబడి, ఆయనకు మాత్రమే వినపడేలా అడిగాను, ఇంత మంచి పని చేశావు కదా, ఇంకా కుళ్ళుకుంటున్నావా తాతయ్యా అని.

"కుళ్ళుకుంటున్నాను" అన్నాడు. "స్టూలు సరిగ్గా పట్టుకో."