నాలుగో కాలి కింద చీల

మా పక్కింటి తాత పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసి, "నువ్వొచ్చేదాకా ఉంచరంటమ్మా, ఎండలు జాస్తిగా ఉండాయి" అంది. నేను మా గని ఊరు కోరమండల్ చేరేసరికి ఆయన మంచం కడిగి బయట ఎండలో నిలబెట్టి ఉంది.

తాత బంగారు గనిలో వడ్రంగి. గని సర్కారు చేతికి వచ్చాక చేరి, రిటైరయ్యేదాకా భూమి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టారు. అక్కడ దుంగను కొలత కంటే గోరంత పొడుగ్గా కోసి, సుత్తితో కొట్టి బిగిస్తారట. ఆ అలవాటు ఇంటి పనిలోనూ ఆయన్ను వదల్లేదు. మా లైన్లో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరుసలో, ఆయన చేసిన తలుపులన్నీ బిగుతే.

"నీ తలుపు మూయాలంటే ఎద్దుల్ని కట్టాల" అనేది ఆయన భార్య, అవ్వ.

"పొడుగైతే కోస్తాను. కురచైతే యాడ తెచ్చి అతికేది?" అనేవారు తాత.

ఆయన ఇంటి గోడకు నాలుగు రంపాలుండేవి. ఇద్దరు చెరోవైపు లాగే నిలువెత్తు రంపం దుంగలకు. చెక్క పిడి ఉన్నది పలకలకు. అది దొరల కాలంలో ఓడ మీద వచ్చి, గనిలో ఎన్నో చేతులు మారి ఆయన దగ్గరికి చేరింది. వీపున ఇత్తడి పట్టీ ఉన్న పొట్టిది సన్నటి అతుకులకు. నాలుగోదాన్ని వాళ్ళ నాయన చిత్తూరు పక్క పల్లె నుంచి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. దాని పళ్ళు పిడివైపు వాలి ఉంటాయి. దొరల రంపం తోస్తే కోస్తుంది, ఇది లాగితేనే.

తొమ్మిదో తరగతిలో, కాన్వెంటు లైబ్రరీలోని ఒక లావు పుస్తకంలో, వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో రాగి రంపాలను లాగి కోసేవారని చదివాను. మెత్తటి రాగిని తోస్తే వంగిపోతుందట. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఆ సాయంత్రం మాత్రం వెళ్ళి ఆయనకు చెప్పాను.

"మా నాయన ఈ పక్కనుండే టేకల్ దాటి పోయిందే లేదు. వాళ్ళకు ఎవురు చెప్పినారో" అన్నారు.

పదో తరగతికి వచ్చాక ఇంట్లో నాకు చదువుకునే చోటు లేకపోయింది. ఒకటే గది. తన దగ్గర మిగిలిన టేకుతో బల్ల చేసిస్తానన్నారు తాత. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. మూడో కాలు కోత ముగుస్తుండగా రంపం జారి బొటనవేలు కొంచెం తెగింది. గుడ్డ చుట్టుకుని, మూడో కాలును నాలుగోదాని పక్కన ఆనించి, తడుముతూ పెన్సిల్‌తో గీత గీశారు. టేకు ఇక లేదు. ఈ కాలు చెడితే బల్ల లేదు.

"గీత రెండుగా కనిపిస్తా ఉండాది పాపా. ఇంగ నువ్వే కొయ్యి" అని వాళ్ళ నాయన రంపం నా చేతికిచ్చారు. "లాగు, తొయ్యొద్దు. నీ పుస్తకంలో ఉండాదే, అట్ల."

గీతను కాలికి మిగిల్చి, పారేసే ముక్కవైపు కోయాలి. నేను గీతకు ఇవతల, కాలివైపు కోశాను. రంపం మందమంత కాలు కురచయింది. బిగించి నిలబెడితే బల్ల ఊగింది.

తాత దాని మీద అరచెయ్యి పెట్టి రెండుసార్లు ఊపి చూశారు. నాకు ఏడుపొచ్చింది.

"కోసిన ముక్క యాడ?" అన్నారు.

ఇచ్చాను. ఉలితో దాన్నుంచి పలచటి చీల తీసి, కాలి కింద దూర్చి, తట్టారు. ఊగడం ఆగింది.

"కురచైతే ఏం చేసేదానికీ లేదంటివే తాతా?"

"చెప్పేటప్పుడు అట్లే చెప్పాల. గని లోపల దుంగలకు ఇట్లాంటి చీలలు ఎన్ని కొట్టినామో. కొండే నిలిచినాది, నీ పుస్తకాలు నిలబడవా?"

అదే ఆయన చేసిన చివరి బల్ల. తర్వాత రంపాలు గోడ మీంచి దిగలేదు. తుప్పు పట్టకుండా వాటికి నూనె రాస్తూ ఉండేవారు, చేత్తో తడిమి. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా అడిగేవారు: "ఊగతా ఉండాదా?"

"లేదు తాతా" అనేదాన్ని.

ఈసారి అవ్వ, "నీకు కావాల్సిన రంపం తీసుకోపోమ్మా" అంది. తీసుకోలేదు. ఇంటికొచ్చి బల్ల కింద ఊడుస్తుంటే చీల జారి చీపురుతో పాటు వచ్చింది. దాని లావు కొన దగ్గర పెన్సిల్ గీత ఉంది. నేను తప్పుగా కోశాను కాబట్టి అది కాలికి కాక, ముక్కకు మిగిలింది. కొంచెం వంకరగా ఉంది.

గీత బయటికి కనిపించేలా చీలను మళ్ళీ కాలి కిందకు తోశాను. బల్ల మీద అరచెయ్యి పెట్టి, రెండుసార్లు ఊపి చూశాను.

ఊగలేదు.