సుమిత్రక్క సత్తుముద్దలు

నాకు నోరెక్కువ అని మా ఇంట్లో అందరూ అంటారు. అనాల్సిన చోటా అంటాను, అనకూడని చోటా అంటాను. నిజామాబాద్ నుంచి బోధన్‌లోని ఆడపిల్లల బడికి తెలుగు టీచరుగా పోయిన మొదటి ఏడాదే పెద్దమేడంతో రెండుసార్లు గొడవ పెట్టుకున్నాను. అలాంటిదాన్ని, నోరు విప్పాల్సిన ఒక్క రోజున మాత్రం మూసుకుని కూర్చున్నాను. సుమిత్రమ్మ గురించి ఎప్పుడు చెప్పబోయినా నాకు ముందు ఆ రోజే గుర్తొస్తుంది.

సుమిత్రమ్మ ఆ బడిలో కుట్టు టీచరు. నలభై దాటిన బక్కపలుచని మనిషి. జీతం వచ్చినప్పుడు వచ్చేది, రానప్పుడు లేదు. అందుకని పొద్దునా సాయంత్రమూ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆమె గల్లీలో చుట్టని ఇల్లు లేదు. చాటలో తునికాకు, తంబాకు పోసుకుని ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ లేచేది వంటకే. బడిలో పిల్లల హాజరు వేస్తున్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఉత్తగాలిలోనే ఆకు మడుస్తుండేవి. నేను నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వి చేతులు కొంగులో దాచుకునేది.

తొంభై మూడు చలికాలంలో ఆమెకు ఒక కోరిక పుట్టింది. బడిలో గైడ్స్ పిల్లలు ఇరవై నలుగురు ఉండేవాళ్లు. నీలం యూనిఫారాలు కుట్టింది ఈమే. వాళ్లను మూడు రోజులు నిజాంసాగర్ క్యాంపుకు తీసుకుపోవాలంది.

"మా పోరగాండ్లు చాట ముందలనే పెరిగిండ్రు చెల్లె," అంది నాతో. "నేను గట్లనే పెరిగిన. ఏడో తరగతిల బడోల్లు డ్యాము సూడవోతే నన్ను తోలలే. వెయ్యి బీడీలు ఎవరు చుడ్తరని మా అవ్వ తోలలే. మూడు దినాలు వీల్లకు చాట మొఖం కనవడొద్దు. అంతే."

పెద్దమేడం వెంటనే ఒప్పుకోలేదు. అంతకుముందు ఆ బడి నుంచి ఆడపిల్లలు రాత్రి బయట ఉన్నది లేదు. చివరికి షరతు పెట్టింది. "తిండికని తల్లిదండ్రులను పైసలు అడగొద్దు. బయటి హోటల్ తిండి తినిపియ్యొద్దు. ఒక్క పిల్ల మంచం పట్టినా మళ్లా ఈ బడిల క్యాంపు మాట ఎత్తొద్దు." సుమిత్రమ్మ తల ఊపింది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

ఆ నెలంతా ఆమెకు తిండి ఆలోచనే. కుట్టుమిషన్ ముందు కూర్చుని కూడా అదే లెక్క. తక్కువలో కావాలి, తేలికగా కావాలి, పిల్లలే వండుకోవాలి. మొదటి రోజు మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు ఎవరి ఇంటి నుంచి వాళ్లు, మీదికి ఎల్లిపాయ కారం. రొట్టె రెండు రోజులైనా చెడదు. రాత్రికి మూడు రాళ్ల పొయ్యి మీద ఒకే గిన్నెలో కిచిడీ. రెండో రోజు అన్నం, పచ్చిపులుసు. చింతపండు పిసికి ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయలు వేస్తే అయిపోయె, పులుసు మరిగించే పని కూడా లేదు. ఇంటికి సోలెడు బియ్యం చాలు. ఎవరూ ఇవ్వలేమని అనలేదు.

పొద్దున తిండి దగ్గర ఆగింది. ఉప్మా అంటే రవ్వ కొనాలి, నూనె కావాలి, పొగలో పిల్లల కళ్లు మండుతాయి. రెండు రోజులు అన్నం తినలేదు అంటే నమ్మండి. మూడో రోజు బడికి వస్తూనే చెప్పింది. "సత్తుముద్దలు చెల్లె. మక్కలు, పల్లీలు ఏంచి, గిర్నీల పట్టిచ్చి, బెల్లం కలిపి ముద్దలు కడ్తే అయిపాయె. బెల్లానికి మనకేం కరువు." చెరుకు ఊరు మరి, ఏ ఇంట్లో అడిగినా ఓ గడ్డ బెల్లం దొరుకుతుంది. చిన్నపిల్లలా సంబరపడింది.

బయల్దేరే ముందు రోజు ఆదివారం. గల్లీకి గల్లీ ఆమె వాకిట్లో ఉంది. నేనూ పోయాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతకు వారం ముందు ఆ గల్లీలో నడుస్తూ తంబాకు ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. అరుగు మీద బీడీలు చుడుతున్న పెంటవ్వ చూసింది. "మా వాసన వడ్తలేదా టీచరమ్మా? మేము గీ వాసన మీదనే బత్కుతున్నం," అంది. నవ్వుతూనే అంది గాని నాకు తల కొట్టేసినట్టయింది. ఇంక ఆ గల్లీలో ముక్కు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

మొక్కజొన్నలు వేయించి పక్కన పెట్టారు. పల్లీలు వేయించి నలిపారు. పొట్టు పోవాలంటే చెరగాలి. ధాన్యం చాట ఇంటికొకటే. ఇరవై నలుగురికి సరిపడా పల్లీలు, వాకిట్లోకి వచ్చిన మూడు చాటలు చాలలేదు. పొద్దుపోతోంది, పిండి గిర్నీ మూసేస్తారు. ఎనిమిదో తరగతి గంగామణి ఉరికి ఇంట్లోంచి రెండు చాటలు తెచ్చింది. అవి బీడీల చాటలు. తడిగుడ్డతో తుడిచి సుమిత్రమ్మ ముందు పెట్టింది. సుమిత్రమ్మ ఒకసారి చూసి, "మంచిగ తుడ్షినవా?" అని అడిగి, పల్లీలు పోసి చెరగడం మొదలుపెట్టింది.

నాకు వాసన వచ్చింది. వెదురు బద్దల సందుల్లో ఏళ్ల తరబడి కూరుకుపోయిన తంబాకు దుమ్ము చెరిగినప్పుడల్లా లేచి నా ముక్కుకు తగిలింది. అక్కడ పది మంది ఆడవాళ్లున్నారు. ఒక్కరి ముఖం మారలేదు. పెంటవ్వ నా ఎదురుగానే కూర్చుంది. చెప్పాలనుకున్నాను. మళ్లీ వాళ్ల వాసన నాకు పడటం లేదనుకుంటారని అనిపించింది. తుడిచారు కదా, బెల్లం కలుపుతారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. లేచి పల్లీల బుట్టలు గిర్నీకి మోయించాను. ఎంత మంచిదాన్నో చూడండి.

సోమవారం బస్సు వర్ని, బాన్సువాడ మీదుగా పోయింది. డ్యాము కట్ట కింద చెట్లలో టార్పాలిన్ గుడ్డలు కట్టి గుడారాలు వేశారు. ఆ రోజంతా ఏ తప్పూ జరగలేదు. రొట్టెలు మార్చుకు తిన్నారు. కిచిడీ కొంచెం అడుగంటితే దానికోసమే కొట్టుకున్నారు. పనులతో పొద్దుగుంకింది గనక కట్ట ఎక్కి నీళ్లు చూసేది రేపు పొద్దున తిన్నాక అని సుమిత్రమ్మ చెప్పింది. ఆమె ముఖం అంత తేటగా నేను ఎన్నడూ చూడలేదు.

పొద్దున వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికి రెండేసి ముద్దలు పంచింది. చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా తుకారాం బిడ్డ సవిత, బీడీల వాసన ఎరగని ఫ్యాక్టరీ క్వార్టర్స్ పిల్ల, ఇంకో రెండు అడిగి తిన్నది. అరగంట కాలేదు. సవిత కళ్లు తిరుగుతున్నాయని చెట్టుకు ఆనుకుంది. చెమటలు పట్టాయి. కక్కుకుంది. ఆ వెనకే క్వార్టర్స్ పిల్లలు ఇంకో ఇద్దరికి కూడా అదే. బీడీల ఇళ్ల పిల్లలందరూ బాగానే ఉన్నారు, ఏమైందో అర్థం కాక చూస్తున్నారు.

దగ్గరలోని దవాఖానకు మోసుకుపోయాం. కాంపౌండర్ పెద్దమనిషి. పిల్లలకు ఏదో మందు తాగించి, ఏం తిన్నారని అడిగాడు. సుమిత్రమ్మ కొంగున కట్టుకున్న ముద్ద తీసి ఇచ్చింది. విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇండ్ల తంబాకు ఉన్నదమ్మా," అన్నాడు.

"లేదు సారూ. పల్లీలు, మక్కలు, బెల్లం. నా చేతుల్తోని కట్టిన," అంది సుమిత్రమ్మ. ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో ముక్క వేసుకుంది. "నాకేం తెలుస్తలేదు," అంది. వెంట వచ్చిన గంగామణికి ఇచ్చింది. ఆ పిల్ల తిని, "మంచిగనే ఉన్నది టీచర్," అంది భయపడుతూ. సుమిత్రమ్మ మొత్తం ముద్ద తినేసింది. ఒక్క ముక్కలోనైనా ఆ రుచి దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు తిన్నది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆ ముద్ద అక్కడి దాకా నా ముక్కుకు కొడుతోంది.

మధ్యాహ్నానికి ముగ్గురు పిల్లలూ లేచి కూర్చున్నారు. ఇంక క్యాంపు వద్దని సుమిత్రమ్మ అనడంతో అప్పటికే గుడారాలు విప్పేశారు. కట్ట మా తల మీదే ఉంది, ఎక్కి చూస్తే నీళ్లు. ఇరవై నలుగురిలో ఒక్కరూ చూడలేదు. గంగామణి ఒక్కసారి అడిగింది, "ఉర్కుడువెట్టి సూసొస్తం టీచర్?" బస్సు తప్పిపోతుందని సుమిత్రమ్మ తల అడ్డంగా ఊపింది.

బడి దగ్గర కబురందిన తుకారాం నిలబడి ఉన్నాడు. బిడ్డ సంచి తీసుకుని పోయాడు. పెద్దమేడం అరవలేదు. "చెప్పిన కద," అంది. అంతే, ఆ బడి నుంచి ఆడపిల్లలు మళ్లీ క్యాంపుకు పోలేదు. నీలం యూనిఫారాలు బీరువాలోకి పోయాయి.

రెండు నెలలు నేను సుమిత్రమ్మ కళ్లలోకి చూడలేకపోయాను. ఒక సాయంత్రం ఉండబట్టలేక వాళ్లింటికి పోయాను. ఒళ్లో చాట పెట్టుకుని చుడుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. "అక్కా, ఆ ఆదివారం నాకు వాసన వచ్చింది. చాటల్లోంచి వచ్చింది. పెంటవ్వ ఏమనుకుంటదో అని చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలోని ఆకు ఆగిపోయింది. చాట మెల్లగా పైకెత్తి ముఖం దగ్గరికి తెచ్చుకుని గట్టిగా గాలి పీల్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత నా వైపు చూసింది.

"ఎట్లుంటది చెల్లె, గా వాసన?"

నాకు నోరెక్కువని చెప్పాను కదా. ఆమె పక్కన కూర్చుని చాటలోంచి ఒక తునికాకు చేతిలోకి తీసుకున్నాను. ఆమె చాట మళ్లీ ఒళ్లో పెట్టుకుని, ఆగిన బీడీ చుట్టడం పూర్తిచేసింది.