మసీదు మెట్ల ముందు వరస

మా అబ్బాయి ఏడాది పిల్లవాడుగా ఉన్నప్పుడు వారం రోజులు సాయంత్రం కాగానే ఏడుపు అందుకునేవాడు. డాక్టరు చుక్కల మందు రాశాడు. మా అత్తగారు ఆ సీసాను ఎగాదిగా చూసి, "మందు ఏస్తే ఎయ్యి గని, మసీదు కాడికి తీస్కపోయి ఊదిపిచ్చుకొని రా" అంది.

సికింద్రాబాదులో పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. పొద్దుగూకే వేళ నమాజు ముగిసే సమయానికి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని మసీదు మెట్ల ముందు వరసగా నిలబడతారు. బుర్ఖాలవాళ్ళూ ఉంటారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. చేతుల్లో మూత తీసిన నీళ్ళ సీసాలు. లోపలి నుంచి వచ్చే మగవాళ్ళు పెదాలు కదుపుతూ ఏదో చదివి, ఒక్కో బిడ్డ ముఖం మీద, ఒక్కో సీసాలో ఇంత గాలి ఊది వెళ్ళిపోతారు. ఎవరి పిల్లవని అడగరు, పైసా పుచ్చుకోరు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసేదాన్ని, ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. అయినా వెళ్ళి నిలబడ్డాను, అత్తగారితో పేచీ ఎందుకని.

అలా ఊదినవాళ్ళలో ఒకాయన గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న పానా ఉండేది, నమాజుకు వచ్చినప్పుడు కూడా. ఆయన ఊదితే మావాడి నుదుటి మీద జుట్టు లేచేది. వాడు ఏడుపు మధ్యలో ఆపేసి ఆయన ముఖంలోకి చూసేవాడు. ఊదినందుకు తగ్గిందో, చుక్కల మందుకు తగ్గిందో, పన్ను బయటికొచ్చి తగ్గిందో నాకు తెలియదు. తగ్గింది. ఆ తర్వాత మా ఇంట్లో పొయ్యి పాడైనప్పుడల్లా ఆయన్నే పిలిచాను. పద్మారావు నగర్‌లో అపార్టుమెంటు కొనుక్కున్నాక కూడా ఆయనే వచ్చేవాడు. మా బిల్డింగులో పదహారు ఇళ్ళుంటే పదహారింటి పొయ్యిలూ ఆయన చేతి మీదుగానే వెలిగేవి.

ఈమధ్య ఎక్కడో దూరాన తుపాకులు పట్టుకున్నవాళ్ళు దేవుడి పేరు అరుస్తూ జనాన్ని కాల్చి చంపారు. మా ఇంట్లో రెండు రోజులు టీవీ కట్టెయ్యలేదు. మొదటి రోజు ఏడ్చాను. రెండో రోజు అవే శవాలను చూస్తూ చిక్కుడుకాయలకు ఈనెలు తీశాను. ఒక కాయ పుచ్చింది ఉంటే పక్కన పడేశాను కూడా. నాకు భయం వేసింది అప్పుడే, కానీ అది కూడా ఎక్కువసేపు లేదు.

అన్నం దగ్గర మా అబ్బాయి మొదలుపెట్టాడు. "అన్నిట్ల మంచోళ్ళు ఉంటరమ్మా, కాదంట లేను. గని ఎక్కడ పేలినా వాళ్ళే ఎందుకుంటరు? నువ్వే చెప్పు."

"చిన్నప్పుడు నీకు ఊదింది సుత వాళ్ళే" అన్నాను.

"గది వేరే ముచ్చట. నేనడిగిన దానికి జవాబు గాదది."

నిజమే, అది జవాబు కాదు. ఈ ఊళ్ళోనూ బాంబులు పేలాయి. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకు అలాగే ఎడమ చెవి పోయింది. పదవీ విరమణ దాకా ఆవిడకు కుడివైపు కూర్చునే మాట్లాడాను. చంపినవాళ్ళకు మతంతో సంబంధమే లేదని చెప్పడం సులువు, నా నోటికి మాత్రం ఆ మాట రాదు. దేవుడి పేరు చెప్పుకునే చంపారు. పొయ్యిలాయన పెదాల మీద కదిలిందీ ఆ దేవుడి పేరే. తుపాకీవాళ్ళను రెండు రోజులు టీవీలో చూశాను, ఈయన్ను ముప్పై మూడేళ్ళు నా వంటింట్లో చూశాను. ఆ మతం ఎలాంటిదో ఎవరిని చూసి చెప్పాలి? టీవీలో చూసినదాన్ని బట్టి చెప్పడం న్యాయమైతే, నా వంటింట్లో చూసింది ఎక్కడ పెట్టుకోవాలి? ఇదంతా వాడితో అని ఉండాల్సింది. పెరుగు వడ్డించాను.

మర్నాడు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూసుకుంటున్నాను. మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. పావు నిమిషం కూడా లేదు. ఒక ముసలాయన మెట్ల దగ్గర వంగి, ఒకామె పట్టుకున్న సీసా మీద నోరు పెట్టినట్టు కనిపిస్తాడు. "మన పిల్లల నీళ్ళలో ఉమ్మేస్తున్నారు, మేలుకోండి" అని కింద రాసి ఉంది. ఆ మెట్లు మా మసీదువి. ఆ చొక్కా జేబులో పానా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఇది అబద్ధమని మా అపార్టుమెంటు గ్రూపులో చెప్పాలనుకున్నాను. ముందు వీడియో పంపి, దాని కిందే రాద్దామని అనుకున్నాను. వీడియో పంపాను. పాలు పొంగాయి. పొయ్యి కట్టేసి, గిన్నె దించి, గట్టంతా తుడిచి వచ్చేసరికి ఇరవై మంది జవాబులు పెట్టారు. "మన పొయ్యిలాయనే గదా!" అని ఒకరు. "ఇండ్లల్లకు రానిచ్చినం ఇన్నేండ్లు" అని ఇంకొకరు. "మంచి పని చేసిన్రు ఆంటీ, కండ్లు తెరిపించిన్రు" అని మూడో అంతస్తు కోడలు. నేను "అది ఊదడం" అని టైపు చేశాను. మళ్ళీ చెరిపేశాను. ఎందుకు చెరిపానని అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఇరవై మందితో పేచీ ఎందుకనిపించింది, అంతే.

పాలు పొంగి బర్నరు పూడింది. మంట పసుపుగా వస్తూ గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయి. రెండు రోజులు చూసి, సిగ్గు లేకుండా ఆయనకే ఫోన్ చేసి మంట సంగతి చెప్పాను.

"గేటు కాడ వాచ్‌మన్ రానిస్త లేడమ్మా. అసోసియేషనోళ్ళు జెప్పిన్రంట" అన్నాడు. కోపంగా అనలేదు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"ఎందుకట భాయ్?" అని అడిగాను. అడిగాను నేను.

"ఏమో అమ్మా. ఏందో వీడియో అంటున్నరు."

సరే అని పెట్టేశాను. ఆ రోజు మిగతా పనులన్నీ మామూలుగానే చేసుకున్నాను. పప్పులో ఉప్పు సరిగ్గానే పడింది.

రెండు వారాల తర్వాత మనవరాలికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ పిల్ల ఉలిక్కిపడి ఏడవడం మానలేదు. డాక్టరు అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. చివరికి మా కోడలే అంది, "అత్తమ్మా, మా ఊళ్ళె అయితే మసీదు కాడ ఊదిపిస్తుండె. ఈడ చెయ్యరా?" మా అబ్బాయి విననట్టు ఫోనులోకి చూశాడు. వద్దని మాత్రం అనలేదు.

పొద్దుగూకే వేళకు పిల్లను చంకనేసుకుని, నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళాను. మెట్ల ముందు వరస లేదు. నేనొక్కదాన్నే. నమాజు అయిపోయింది, మగవాళ్ళు బయటికి రావడం మొదలుపెట్టారు. నన్ను చూశారు, సీసాను చూశారు, తల దించుకుని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నిన్నా మొన్నటిదాకా అడగకుండానే ఆగి ఊదిన మనుషులు. మూత తీసిన సీసాతో అలా నిలబడే ఉన్నాను.

అందరికన్నా చివర ఆయన వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, అటూ ఇటూ చూసి, "ఫోను సంచిల పెట్టుండ్రి అమ్మా" అన్నాడు. పెట్టాను. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఆగి, రెండు చేతులూ వెనక కట్టుకుని, పెదాలు కదిపాడు. పిల్ల ఆయన్నే చూస్తోంది. చదవడం అయిపోయింది. దగ్గరికి వస్తాడని పిల్లను కొంచెం ముందుకు పట్టుకున్నాను. రాలేదు.

"చదివిన. ఊదుడు మీరే ఊదుండ్రి" అన్నాడు.

అప్పుడు చెప్పాను. "భాయ్, ఆ వీడియో మా గ్రూపుల వేసింది నేనే. అబద్ధమని రాద్దామనే వేసిన. రాయలే."

"మంట ఇంకా పసుపుగనే వస్తుందా?" అని అడిగాడు.

వస్తోందన్నాను.

"సూదితోని పొడవకుండ్రి, తూట్లు పెద్దగైతయి. వేన్నీళ్ళల్ల నానబెట్టి బ్రష్షు కొట్టుండ్రి."

"ఇయ్యాల్నే రాస్త భాయ్. గ్రూపుల అందరికీ చెప్తా, మీరు ఊదిన్రు గంతే అని."

ఆయన ముఖం మొదటిసారి మారింది. రెండు చేతులూ జోడించాడు. "వద్దమ్మా. ఇప్పుడిప్పుడే మర్చిపోతున్నరు. మీరు రాస్తే మళ్ళొక్కపారి తీసి చూస్తరు."

జేబు తడుముకుని, పానా ఉందో లేదో చూసుకుని, బన్సీలాల్‌పేట్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను చేయగలిగిందొక్కటి ఉందనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అది కూడా ఆయనకు అక్కర్లేదు.

పిల్ల ఏడుపు అందుకుంది. ఆయన చెప్పినట్టే దాని ముఖం మీద ఊదాను. తర్వాత సీసాలో ఊదాను. రోడ్డు మీద పోయేవాళ్ళు చాలామంది నన్ను చూశారు. ఒక్కరూ ఫోను తీయలేదు.