అనంతగిరి దారిలో ఆగిన కోళ్ల బుట్ట

అరకులో గుమాస్తాగా ఉన్న మా మేనమామకు మన్యపు జ్వరం తగిలిందని కబురు వస్తే, బడికి సెలవు పెట్టి బయలుదేరాను. పొద్దున రైల్లో విజయనగరం, అక్కడినుంచి మోటారు బస్సులో శృంగవరపుకోట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సత్రంలో పడుకుని, తెల్లవారాక ఎడ్లబండి కట్టించుకున్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లు కాచిన నీళ్లు వెంట ఉంచుకోవడం మంచిది.

బండిలో సింహాచలమ్మ అనే నడివయసు ఆవిడ కూడా ఎక్కింది. ఒళ్లో వెదురుబుట్ట, అందులో రెండు పెట్టలు, ఒక పుంజు. ఆమె అల్లుడికి అరకులో ఉప్పు కొట్టు ఉందట.

“మా గుంటకి కానుపయింది బాబూ. ఒంట్లో రగతం లేదంట. కోడి పులుసు పెడితేగానీ లెగదు” అంది.

అనంతగిరికి ఇవతల, కొండవాళ్ల పల్లె దగ్గర దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. కాపలా ఉన్నవాళ్లలో పెద్దవాడు సోమన్న బుట్టలోకి తొంగిచూశాడు.

“మనుసులు ఎల్లండి. కోళ్లు పైకి రాకూడదు.”

“నా కోళ్లకేటయింది? ఇంట్లో పెరిగినియ్యి. ఎంత ఉసారుగా ఉన్నాయో సూడు.”

“పోయినేడు సంతకొచ్చినియ్యీ ఇలాగే ఉన్నాయమ్మా.”

కింది నుంచి వచ్చిన ఆ కోళ్లతోనే కొక్కెర తెగులు ఊళ్లోకి వచ్చిందట. మెడలు వాల్చి, పచ్చగా పారి, ప్రతి ఇంట్లోనూ కోళ్లు చచ్చాయి. పండుగకు దేవత ముందు పెట్టడానికి ఒక్క కోడి కోసం పక్క లోయవాళ్లను బతిమాలుకున్నారట.

“ఈ ఒక్కసారికి వొగ్గేయి నాయనా” అంది సింహాచలమ్మ.

“అప్పుడూ ఒక్కసారే వొగ్గినామమ్మా.”

ఆమె బండి దిగి దారి పక్కన కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తలెత్తి, “అన్నీ సచ్చిపోనాయా?” అని అడిగింది.

“పొదుగుతున్న పెట్టతో సహా” అన్నాడు సోమన్న.

ఆమె బుట్ట పట్టుకుని లేచింది. కిందికి దిగుతున్న బండిలో తమ ఊరి బండివాడు సన్యాసి కనబడితే బుట్ట అతని చేతికిచ్చింది. “బేగి ఎల్లి మా ఇంటికాడ దింపీ. నూకలెయ్యి” అంది. సోమన్న భార్య ఆమెను వాగు దగ్గరికి తీసుకెళ్లి తెగులు అంటి రాకుండా కాళ్లూ చేతులూ కడిగించింది. కోడి ఇవ్వలేదు, ఇచ్చే స్థితిలో లేరు. ఉలవలు మూటగట్టి ఇచ్చి, కూతురికి చారు కాచి పొయ్యమంది.

అరకులో మామయ్య తేరుకునేదాకా ఉన్నాను. బయలుదేరే ముందు ఉప్పు కొట్టుకు వెళ్తే, సింహాచలమ్మ కూతురు బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఇంకా పాలిపోయే ఉంది గానీ, నన్ను చూసి లేవబోయింది.

తిరుగుదారిలో ఆ కంప దగ్గరే సన్యాసి బండి ఎదురైంది.

“ఆ కోళ్లకి ఏటీ అవ్వలేదు బాబూ. పెట్టలు గుడ్లెడతన్నాయి” అన్నాడు.

నేను సోమన్న వైపు చూశాను. అతనూ విన్నాడు. “మంచిదే, బతకనీ” అని, పక్కకి జారిన కంపను మళ్లీ దారికి అడ్డంగా లాగాడు.

విజయనగరంలో రైలెక్కాక కూడా అదే ఆలోచన. ఆ కోళ్లు చచ్చి ఉంటే సోమన్నది న్యాయమని సులువుగా అనేసేవాణ్ణి. అవి బతికే ఉన్నాయి. కానీ ఆ రోజు కంప దగ్గర ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకుండానే, కూతురి కోసం తెచ్చుకున్న బుట్టను ఆ తల్లి వెనక్కి పంపింది.