ఎగరాల్సింది మా సరోజ

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళూ మోశాను. పెద్దదేమీ కాదు, ఊపిరి తీసుకోకుండా చెప్పేసేంత చిన్నది. చెప్పడానికి పట్టిన సమయం ఎంతో, దాన్ని మోసిన కాలం ఎంతో తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. నవ్వగలుగుతున్నానంటే కారణం ఉంది. మొన్న ఆ మాట చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, అదే మంచిది. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ళు మాత్రం మార్చలేదు, ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినందుకే ఈ తప్పు నాకు అంత సులువుగా చేతనయింది.

మాది హిందూపురం. మా నాయనకు బట్టలంగడి ఉండేది. నన్ను ధర్మవరంలో మగ్గాల వాళ్ళింటికి ఇచ్చారు. పెళ్ళయ్యాక మా ఆయన కూడా హిందూపురానికే వచ్చి పట్టుచీరల అంగడి పెట్టాడు. ఆయన చెల్లెలు సరోజ ధర్మవరంలోనే ఉండిపోయింది. అక్కడే పెళ్ళి, అక్కడే కాపురం, అక్కడే మగ్గం. కన్నడం ముక్క రాదు. పొద్దున కాళ్ళు మగ్గం గుంతలో పెడితే మళ్ళీ వంటకే బయటికి తీసేది.

హిందూపురంలో అంగడి నడిపేవాళ్ళకు తెలుగూ కన్నడమూ రెండూ రావాలి. మాకు ఇంకో విద్య కూడా వచ్చు. కదిరి, గాండ్లపెంట వైపు నుంచి తెలుగు మాత్రమే తెలిసినవాళ్ళు వస్తే, ధర ఎంత దాకా దిగొచ్చో నేనూ మా ఆయనా వాళ్ళ ముందే కన్నడంలో మాట్లాడుకుంటాం. బెంగళూరు వైపు కన్నడం వాళ్ళొస్తే తెలుగులోకి మారతాం. అందులో మెలకువ ఏమిటంటే, ఎదుటి మనిషి గురించి ఆ మనిషి ఎదుటే మాట్లాడుతున్నా మొహంలో నవ్వు చెదరకూడదు. ఇది నాయన నేర్పాడు. నా అంత బాగా మా ఇంట్లో ఎవరికీ రాలేదని మెచ్చుకునేవాడు కూడా. దాన్నొక తప్పుగా నేనెప్పుడూ అనుకోలేదు. వ్యాపారం అనుకున్నాను.

ఇక సరోజ సంగతి. ధర్మవరం నుంచి మా ఇంటికి రైల్లో వచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర కిటికీలోంచి తల బయట పెట్టేసేది. ఆ కోటకొండ మీద గద్దలు తిరుగుతుంటాయి. వచ్చీ రాగానే చెంబుతో నీళ్ళు తాగుతూ వాటి గురించే మొదలుపెట్టేది. రెక్క ఒక్కసారి కూడా ఆడించకుండా ఎంతసేపు తిరుగుతుందో, ఆ పైనుంచి దానికి మన రైలు ఎట్లా కనిపిస్తుందో! మగ్గం మీద కూర్చునే మనిషికి ఈ గద్దల గొడవ ఏమిటని నేను ఆటపట్టించేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ ఏడాది మా ఇంటి వాళ్ళందరం ఒక వ్యాను మాట్లాడుకుని మైసూరు, ఆ పైన నీలగిరి కొండల వైపు యాత్ర పోయాం. ధర్మవరం వాళ్ళను ఎక్కించుకుని, పెనుకొండలో మా చిన్నమామ వాళ్ళను ఎక్కించుకుని, ఆఖరికి మా కోసం హిందూపురం వచ్చింది వ్యాను. కొండల్లో ఒకచోట మనుషుల్ని గాల్లో ఎగిరిస్తారని మా చిన్నమామ ముందే చెప్పాడు. సరోజ ఆ మాట విన్నప్పటి నుంచి నిద్రపోయిందో లేదో. నేనైతే దారి పొడవునా గొప్పలు పోయాను. అందరికంటే ముందు నేనే ఎగురుతానన్నాను. ఎవరెవరు భయపడతారో పేరు పేరునా చెప్పి నవ్వించాను. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే కళ్ళు తిరిగి కిందపడే మనిషిని నేను. ఆ సంగతి ఆ వ్యానులో ఎవరికీ తెలియదు.

కొండ మీద, గడ్డి వాలు దగ్గర, దాన్ని చూశాను. మూడు మూలల పెద్ద రెక్క, సన్నటి గొట్టాల మీద బిగించిన గుడ్డ. హ్యాంగ్ గ్లైడర్ అంటారట. దాని కింద నడిపేవాడూ మనమూ పక్కపక్కనే బోర్లా వేలాడాలి. ముందుగా ఇద్దరూ కలిసి వాలు మీద అంచు దాకా పరుగెత్తాలి. అంచు వచ్చిందని ఆగకూడదు, కాళ్ళు ముడుచుకుని కూర్చోకూడదు, నేల తనంతట తాను వదిలేదాకా పరుగెత్తుతూనే ఉండాలి. నడిపే ఆయన కన్నడం మనిషి, నిదానస్తుడు. ఇదంతా కొత్తవాళ్ళకు గడ్డి మీదే రెండుసార్లు పరుగెత్తించి నేర్పిస్తున్నాడు. సరోజ చుడీదారు చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. నవ్వుతూ పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను. అంచు ఇంకా దూరంగా ఉండగానే ఆగిపోయాను.

గాలి మారుతోంది, ఈ పూటకు ఇంకొక్కరిద్దరినే తీసుకుపోగలనని ఆయన చెప్పాడు. మావాళ్ళంతా దూరంగా వ్యాను దగ్గర చిత్రాన్నం పొట్లాలు విప్పుకుంటున్నారు. సరోజ రెక్క దగ్గరికి పోయి ఆ గుడ్డను చేత్తో నిమురుతూ నిలబడింది. నేను ఆయన పక్కకు పోయాను. నవ్వు మొహంతోనే అన్నాను.

"ఇవరు బసురి. మనెయల్లి ఇన్నూ హేళిల్ల."

ఈమె కడుపుతో ఉంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు అని.

ఆయన ఉలిక్కిపడి సరోజ కడుపు వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. మంచిది చెప్పారమ్మా, లేకపోతే ఎంత ప్రమాదం అన్నాడు. ఆ చూపు సరోజ కంట్లో పడింది. నా దగ్గరికి వచ్చింది.

"ఏమంటాండాడు వదినా ఆయప్ప?"

"నీ బరువు ఎక్కువంట సరోజా. ఆ రెక్క మోయలేదంట."

"నేను అంత బరువుండానా?" తన కడుపు చూసుకుంది. "అందుకేనా అట్ల చూసినాడు."

"గాలి గూడా బాగలేదంట. ఇద్దరమూ పోయి అన్నం తిందాం పా."

"నువ్వెందుకు మానుకుంటావు వదినా? నువ్వు పో. పోయొచ్చి ఎట్లుండాదో నాకు చెప్పు."

నా లెక్క అక్కడ తప్పింది. ఆమె ఎగరకపోతే నేనూ మానుకోవచ్చు, తోడుగా ఉండిపోయానని చెప్పుకోవచ్చు అనుకున్నాను. ఆమె నన్ను తోసింది. ఆయన సరోజను నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, తాగడానికి నీళ్ళిచ్చాడు, ఎక్కడి నుంచో ఒక అరటిపండు తెచ్చి చేతిలో పెట్టాడు. ఎంత మంచోడో చూడు వదినా అని ఆమె నాకు సైగ చేసింది. అప్పుడైనా చెప్పవచ్చు. నాకు భయంగా ఉంది అని రెండు మాటలు. ఏ భాషలోనైనా చెప్పవచ్చు. ఎందుకు చెప్పలేదు?

దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. మొదట్లో భయం అనుకున్నాను. వ్యానులో అంతమంది ముందు పోయిన గొప్పలు, ఆ సిగ్గు అనుకున్నాను. అవి ఉన్నాయి, కాదనను. కానీ అడుగున ఉన్నది వేరు. అంగడిలో కూర్చుని రెండు భాషల్లో బేరమాడే నేను ఎక్కువ, గుంతలో కాళ్ళు పెట్టుకుని నోరెత్తకుండా నేసే ఆమె తక్కువ అని నాలో ఎప్పటి నుంచో ఉంది. నేను వణుకుతున్న చోట ఆమె నవ్వుతూ పరుగెత్తింది. అది నేను ఓర్వలేకపోయాను. దాన్ని ఈర్ష్య అంటారు. ఇంకో పేరు వెతికి వెతికి అలిసిపోయాను, దొరకలేదు.

నాకు హెల్మెట్ పెట్టారు, నల్లటి కళ్ళద్దాలు పెట్టారు, పట్టీలు బిగించారు. ఆయన పరుగెత్తమన్నాడు. నేను పరుగెత్తానో, ఆయనే నన్ను ఈడ్చుకుపోయాడో తెలియదు. నేల వదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను.

దిగేదాకా తెరవలేదు.

చెవుల్లో గాలి హోరు. గొట్టాన్ని పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కాయి. అదిగో చెరువు చూడండమ్మా, అదిగో తోటలు చూడండమ్మా అని ఆయన పాపం కన్నడంలో చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూ మా కులదేవతను తలుచుకుంటున్నాను. సరోజ నోటి దగ్గర నుంచి లాక్కున్న ముద్దను తినను కూడా తినకుండా నేలపాలు చేశాను. కింద మెత్తటి పచ్చికలో దిగాక జీపులో పైకి తెచ్చారు. సరోజ ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పు వదినా, చెప్పు వదినా అంది. చెప్పాను. చెరువు అద్దం బిళ్ళలాగా ఉందన్నాను, తోటలు చీర అంచులాగా ఉన్నాయన్నాను. మనుషులు కనిపించారా అంటే చీమల్లాగా అన్నాను. నోటికొచ్చిందల్లా చెప్పాను. ఆమె కళ్ళార్పకుండా విన్నది.

రెక్క చివర ఉన్న కెమెరా తీసిన ఫోటో కూడా ఇచ్చారు. మా ఆయన దాన్ని పెద్దది చేయించి అంగట్లో గోడకు పెట్టాడు. నల్లద్దాల వెనక కళ్ళు మూసుకుని ఉన్నాయని ఎవరికి తెలుస్తుంది? చీరలకొచ్చిన ఆడవాళ్ళు అడిగితే చెరువూ తోటలూ మళ్ళీ మళ్ళీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజంగా చూసినట్టు అనిపించేది. సరోజ కూడా వీధి వీధంతా మా వదిన ఆకాశంలో తిరిగొచ్చిందని చెప్పుకుంది.

ఇంతటితో అయిపోతే నేను ఇంత మోసేదాన్ని కాదేమో. సరోజ తిండి తగ్గించింది. మొదట రాత్రిపూట అన్నం మానేసింది. తర్వాత పెళ్ళిళ్ళలో ఆకులో ఓళిగ, అదే బొబ్బట్టు, వేయబోతే చెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెట్టింది. నాకు బరువెక్కువ అని కొండ మీద ఆయప్పే చెప్పినాడు అని నవ్వుతూ అందరికీ చెప్పేది. పరాయి మగవాడు తన కడుపు వైపు అట్లా చూశాడన్నది ఆమెకు ఎంత లోపల దిగబడిందో నాకు తెలుస్తూనే ఉంది. ఫోటో తీయబోతే పక్కకు జరిగేది. కొంగు ముందుకు లాక్కునేది. నేను పక్కనే ఉండి తిను సరోజా, తిను అని బతిమాలేదాన్ని. ఎంత మంచి వదిననో చూడండి! ఒక్క మాట చెబితే తినే మనిషిని బతిమాలుతూ కూర్చున్నాను.

ఈమధ్య ఆమె మగ్గం మీదే కళ్ళు తిరిగి ఒరిగిపోయింది. ఒంట్లో రక్తం లేదని, కడుపునిండా తినాలని డాక్టరు కోప్పడ్డాడట. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్ళమ్మాయి వచ్చి, నీకు ఒళ్ళు బాగైతే నిన్ను ఆ కొండకు తీసుకుపోతాను, నువ్వూ ఎగురుదువు అని చెప్పింది. ఆ సంతోషంలో సరోజ నాకు ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"శానా తగ్గినా వదినా. ఇప్పుడు ఎక్కిచ్చుకుంటారు గదా?"

ఫోన్ పెట్టేసి అంగట్లో అట్లాగే కూర్చున్నాను. తగ్గడానికే ఇంత చేసుకుంది, ఇంక తింటుందా? ఇంకా ఎంత తగ్గితే నేను నోరు విప్పుతాను? మర్నాడు పొద్దున రైలెక్కాను. పెనుకొండ కొండ వచ్చినప్పుడు కిటికీ వైపు చూడలేదు.

సరోజ మగ్గం దగ్గర ఊరికే కూర్చుని ఉంది, నేయడం లేదు. కూర్చుంటే చెప్పలేనేమోనని గడప దగ్గరే నిలబడి చెప్పాను. కన్నడంలో ఏమన్నానో చెప్పాను, దాని అర్థమేమిటో చెప్పాను. నీ బరువు గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు సరోజా, అది నేను పుట్టించిన మాట అన్నాను. ఎందుకు పుట్టించానో కూడా దాచలేదు. నా మొహం నవ్వు మొహంగా లేదని ఆమెను చూస్తే తెలిసింది.

ఆమె మగ్గం మీది దారాన్ని వేలితో సవరించింది. తర్వాత మెల్లగా అంది.

"కడుపుతో ఉండానని చెప్పినావా? దానికా ఆయప్ప నాకు అరటిపండు ఇచ్చింది?"

తలూపాను.

"పైనుంచి చెరువు కనపడె, తోటలు కనపడె అంటివే. అదన్నా నిజమేనా?"

"కళ్ళు మూసుకున్నా సరోజా. ఏమీ చూడలేదు."

నన్ను అట్లాగే చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"అయితే ఇద్దరమూ ఎగర్లేదు" అంది. చూపు మగ్గం వైపు తిప్పుకుంది. "కొండకి నేనూ నా కూతురే పోతాం. నువ్వు రావద్దు వదినా."

సరే అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే, ఒంట్లో బలం లేని మనిషి మీద ఆ పని కూడా పెట్టినట్టవుతుంది. ఆమె కాఫీ తాగిపొమ్మని అనలేదు. మా ఇళ్ళల్లో అది చిన్న సంగతి కాదు. స్టేషన్‌కు నడిచొస్తుంటే మాత్రం, మీరు నమ్మండి నమ్మకపోండి, నాకు ఈల వేయాలనిపించింది. తప్పు తప్పుగానే ఉంది. దాన్ని దాచే పని మాత్రం ఇక లేదు.

రెండు రోజులకు వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అత్తా, ఏమి చెప్పినావు అమ్మకి? నిన్న తనే సంకటి ఇంకో ముద్ద పెట్టించుకొని తినె. మాట మాత్రం ఎవరితోనూ మాట్లాడ్డం లేదు."

ఏం చెప్పానో ఆ పిల్లకూ చెప్పాను, మొదటి నుంచీ. అవతల నుంచి కోపంగా ఊపిరి వినిపించింది. సరే అత్తా అని పెట్టేసింది. ఆ పిల్లకు చెప్పడం సరోజకు చెప్పినంత కష్టం కాలేదు. మీకు చెప్పడం ఇంకా సులువైంది.