తనిఖీ రోజు నీళ్లు

వీధి మొదట్లో ఉన్న వాల్వు గదిలో పనిచేసే ఆయన్ని అందరూ కలల మామ అనేవారు. పేరుకు తగ్గ మనిషే. పైపుకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడంటే ఇక లోకంతో పని లేదు. ఖాళీ పైపులో ఆయనకి నది వినిపించేది. రాళ్ల మీద జారే నీళ్లు, తడి ఇసుక, గట్టున ఊగే రెల్లు, అన్నీ అందులోనే కనిపించేవి. "దారిలో ఉందర్రా, వచ్చేస్తోంది" అనేవాడు కళ్లు తెరిచి. వీధంతా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది, అసలు దారే లేనప్పుడు?

ఆ సంగతీ చెప్పాలి. ఎక్కడో దూరదేశం వాళ్లు జాలిపడి డబ్బిచ్చారు. దాంతో ట్యాంకు లేచింది, ఇంటింటికీ కుళాయి వచ్చింది, ట్యాంకుకి నీలం రంగు కూడా వేశారు. నది నుంచి ట్యాంకుకి రావలసిన పైపు మాత్రం ఊరి బయట మైదానంలో సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం ఎవరి కడుపులోకి పోయిందో నన్నడక్కండి. పైన పటారం, లోన లొటారం. కాగితాల్లో మాత్రం పని పూర్తయింది.

దాతల మనుషులు చూడటానికి వచ్చినప్పుడల్లా ముందురోజే లారీలతో ట్యాంకు నింపేవారు. ఇంజినీరు కబురు పెట్టగానే మామ వాల్వు తిప్పేవాడు. వీధికీ ఒక కట్టుబాటు ఉండేది. వచ్చినవాళ్లు చూసి వెళ్లేదాకా ఎవరూ కుళాయి ముట్టకూడదు. ముందే పట్టేసుకుంటే ట్యాంకు ఖాళీ అవుతుంది, మామ ఉద్యోగం ఊడుతుంది. వాళ్లు వెళ్లాక మిగిలినవన్నీ వీధివే. తనిఖీ వస్తేనే మనకి తలస్నానం అని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఈ నాటకం తప్పని మామకి ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నిసార్లు లారీ నీళ్లు పారిన పైపులో ఒకరోజు నది నీళ్లు పారకపోతాయా అనుకునేవాడు. చూడటానికి వచ్చేవాళ్లు ఉన్నంతకాలం ఆశ ఉన్నట్టే కదా. ఆ ఆశంతా అక్క కోసం. తల్లి పోయాక తనని చంకనేసుకుని పెంచిన మనిషి. వీధి చివరి ఇల్లు ఆమెది. మోకాళ్లు అరిగిపోయినా దూరపు బావి నుంచి ఇప్పటికీ బిందె మోస్తూనే ఉంది.

ఒక సాయంత్రం ఇంజినీరు వచ్చి మామ భుజం తట్టాడు.

"రేపటిదే ఆఖరి తనిఖీ. దాతల తరఫున వచ్చే ఆవిడ అంతా బాగుందంటే ఈ పని ముగిసినట్టే, ఇక మన జోలికి ఎవరూ రారు. నీ ఉద్యోగం కూడా పర్మినెంటు చేయిస్తానయ్యా."

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. మామకి మాత్రం అక్క గుర్తొచ్చింది. ముగిసిందంటే ఆ సగం పైపు ఇక ఎప్పటికీ సగమే. అక్క ఆ బావి దారిలోనే ఎక్కడో కూలబడిపోతుంది.

నోరు విప్పే ధైర్యం లేదు. అందుకని పాము చావాలి, కర్ర విరక్కూడదు అని ఒక ఉపాయం ఆలోచించాడు పాపం. తెల్లారగానే ఎవరికీ చెప్పకుండా వాల్వు తిప్పేశాడు. ఆడవాళ్లు నీళ్లు చూస్తారు, బిందెలు నింపుకుంటారు, ఆవిడ వచ్చేసరికి కుళాయిలు ఎండిపోతాయి. నిజం దానంతట అదే బయటపడుతుంది. అలా అనుకుంటూ పైపుకి ఆనుకుని కునుకు తీశాడు. కలలో వీధంతా నీళ్లు పారుతున్నాయి, అక్క చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వాటిలో నడుస్తోంది.

మెలకువ వచ్చి బయటికి చూస్తే వీధి పొడిపొడిగా ఉంది. ఎదురింటి ఆమె నవ్వుతూ వచ్చింది.

"నిద్రమత్తులో వాల్వు తిప్పేశావు మామా. మా కుళాయి కారుతుంటే చూసి బిగించేశా. ఇంటింటికీ తిరిగి అందరికీ చెప్పొచ్చాలే, చుక్క కూడా ఎవరూ పట్టలేదు. నీ ఉద్యోగానికి మేం అడ్డమవుతామా?"

అభిమానం కూడా ఒక్కోసారి ఇలా మెడకు చుట్టుకుంటుంది.

తనిఖీకి వచ్చినావిడ ఆ ఊరి మాట బాగానే మాట్లాడేది. తిన్నగా చివరి ఇంటికే నడిచింది. వెనకాల ఇంజినీరు, ఆయన వెనకాల మామ. అక్క కుళాయి తిప్పింది. ధార బిందెలో ధనధనా పడింది.

"రోజూ వస్తాయా అమ్మా?" అని అడిగిందావిడ.

అక్క తమ్ముడి వైపు చూసింది.

"వస్తాయమ్మా."

అబద్ధమాడితే వాత పెడతానని చిన్నప్పుడు ఆయన్ని బెదిరించిన నోరే అది. మామ తట్టుకోలేకపోయాడు.

"రావమ్మా. ఇవి నిన్న లారీలో వచ్చాయి" అన్నాడు.

ఇంజినీరు హాయిగా నవ్వేశాడు.

"ఈయన మాటలు పట్టించుకోకండి మేడమ్. కలల మామ అంటారు. ఖాళీ పైపులో నది వినే మనిషి. కావాలంటే వీళ్లనడగండి."

వీధి తల దించుకుంది. అది మాత్రం నిజమే మరి. ఆవిడ కూడా చిన్నగా నవ్వి కదలబోయింది.

"అక్కా, కుళాయి కట్టెయ్యకు. అలా వదిలెయ్" అన్నాడు మామ.

చెయ్యి కడిగిన నీళ్లతో గిన్నె తొలిచే మనిషి అక్క. కుళాయి మీద వేసిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఉద్యోగం రా" అంది మెల్లగా.

"పోతే పోనీ."

అక్క కుళాయిని పూర్తిగా తిప్పి, కాలితో బిందెను పక్కకి జరిపింది. నీళ్లు నేల మీద పడ్డాయి. తర్వాత లోపలి నుంచి పీట తెచ్చి వేసింది.

"కాసేపు కూర్చోండమ్మా. ఎంతసేపు వస్తాయో మీరే చూడండి."

ఆవిడ కూర్చుంది. ఎదురింటి ఆమెకి అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక కళ్లు తుడుచుకుంటూ వెళ్లి తన కుళాయీ తిప్పింది. పక్కింటివాళ్లూ తిప్పారు. ఇంటి తర్వాత ఇల్లు, వీధంతా తిప్పింది. ఒక్కరూ బిందె పెట్టలేదు. ఎండలో మెరుస్తూ నీళ్లు గడపలు తడిపి వీధి నిండా పారాయి. పిల్లలు పాదాలు ముంచి నిలబడ్డారు. మామ మధ్యలో నిలబడి, ఇది పొద్దున చూసిన కలో నిజమో తేల్చుకోలేకపోయాడు.

ధార సన్నబడింది. కుళాయిలు దగ్గాయి. ఆగిపోయాయి.

ఆవిడ పీట మీంచి లేచింది.

"పైపు ఎక్కడిదాకా ఉందో చూపించండి" అని మామని అడిగింది. ఇంజినీరు ఫోను పట్టుకుని పక్కకి వెళ్లిపోయాడు.

మామ ముందు నడిచాడు. వీధి వీధంతా వెంట నడిచింది. అక్క వెళ్లలేదు. ఆ నీళ్లన్నీ మట్టిలోకి ఇంకిపోయేదాకా గడపలో నిలబడి చూసి, ఖాళీ బిందె చంకనెత్తుకుని బావి వైపు బయల్దేరింది.