నీళ్లు పోస్తే లేచిన మంట

1976లో నన్ను నంద్యాల ఫైర్ స్టేషన్‌కు లీడింగ్ ఫైర్‌మన్‌గా వేశారు. బండి మీద వెళ్లే జట్టుకు పెద్ద అన్నమాట. ఆఫీసరు రానిచోట మంట దగ్గర నిర్ణయాలు అతనివే; తర్వాత ప్రమాదానికి కారణమేమిటో రాసి పోలీసులకు ఇవ్వాల్సిందీ అతనే. నేను చెప్పబోయేది రెండేళ్ల తర్వాత, క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు ఆళ్లగడ్డలో జరిగింది.

తెల్లవారేసరికి ఫోన్ వచ్చింది. ఒక టీచర్ల ఇంట్లో మంటలు, మనిషికి కాలింది అన్నారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బండి చేరేలోపు ఏ మంటైనా తన పని తాను చేసుకుపోతుందని మాకు తెలుసు. అయినా వెళ్లాలి. దారిలో శిరివెళ్ల దాటాక ఎదురుగా ఒక జీపు వచ్చి ఆగింది. కాలిన మనిషిని నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. పేరు దేవదానం, బడిలో అయ్యవారు. ముఖం మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఏం జరిగిందని అడిగాను.

"కొవ్వొత్తి మంట సార్. బిందెలో నీళ్లు తీసి పోసినా. పోస్తానే ఇంటికప్పు దాకా లేసింది," అన్నాడు. తర్వాత "ఆ బిందెలో ఏముండె సార్?" అని నన్నే అడిగాడు.

ఆ ప్రశ్న అప్పుడు నాకు అర్థం కాలేదు. అక్కడికి వెళ్లాక బాగా అర్థమైంది.

ఇల్లు రాతిది. నాపరాళ్ల కప్పు, నాపరాళ్ల నేల. ఇరుగుపొరుగు వాళ్లు ఇసుక చల్లి, తడి గోనెపట్టాలు కప్పి మంట ఆర్పేశారు. మాకు ఆర్పడానికేమీ మిగల్లేదు. కిటికీ తెర, బల్ల మీది పరీక్ష పేపర్లు కాలిపోయాయి. కప్పురాయి మాత్రం బల్లకు సరిగ్గా పైన గుండ్రంగా నల్లబడి ఉంది. ఒక్క కొవ్వొత్తికి అంత మసి పట్టడం నా సర్వీసులో నేను చూడలేదు. వరండాలో సగం నీళ్లున్న ఇత్తడి బిందెకు ఒక కానిస్టేబులు కాపలా ఉన్నాడు. మామూలుగా అయితే నవ్వొచ్చేది. గోడకానుకొని కూర్చున్న ఆడమనిషిని చూశాక నవ్వు రాలేదు.

ఆమె దేవదానం భార్య సువార్తమ్మ, తనూ టీచరే. ముందురోజు రాత్రి నుంచీ కరెంటు లేదు. చీకటితోనే లేచి కొవ్వొత్తి వెలుగులో ప్రార్థన చేసుకోవడం వాళ్ల అలవాటు. ప్రార్థనయ్యాక ఆయన అదే వెలుగులో పేపర్లు దిద్దుతూ కూర్చున్నాడట. ఆమె కుళాయి నుంచి ఒక బిందె తెచ్చి దింపి, రెండో బిందెకు వెళ్లింది. అంతలోనే ఇది జరిగింది.

దేవదానం వాళ్లన్న యేసురత్నం పోలీసులకు అప్పటికే చెప్పేశాడు. మొగుడూ పెళ్లాలకు ఈమధ్య మాటల్లేవట. ఆమెకు నంద్యాలకు బదిలీ కావాలి, ఆయనకు ఊరు వదలడం ఇష్టం లేదు. ఆ బిందెలో ఆమే కిరసనాయిలు కలిపి బయటికి పోయిందని అతని అభియోగం.

"యాడన్నా నీళ్లకు మంట లేస్తాదా సార్? మా తమ్ముడు కాలినాక గూడా నీళ్లే పోసినా అంటాండాడు. మరి అవి నీళ్లెట్లయితాయి?" అన్నాడు నాతో.

భర్త నిజమే చెప్పాడు, ఆ నిజమే ఆమె మెడకు చుట్టుకుంది. సబ్ ఇన్‌స్పెక్టరు నా అభిప్రాయం కోసం చూస్తున్నాడు. నేను అనుమానమని ఒక్క ముక్క రాస్తే ఆమెను జీపెక్కిస్తారు.

"ఆ నీళ్లే నేనూ తాగి పోయినా సార్," అంది సువార్తమ్మ.

లోపలికి వెళ్లి బల్ల మీద చూశాను. ఇసుక కింద కొవ్వొత్తి పెట్టే రాతి స్తంభం ఉంది. మూరెడు ఎత్తు, చుట్టూ తామర రేకులు, పైన దోసెడంత లోతున్న గిన్నె. గిన్నె మధ్యలో కొవ్వొత్తి నిలబెడతారు. అది పక్క వీధిలో విగ్రహాలు చెక్కే వీరాచారి పని. గృహప్రవేశానికి కానుకగా ఇచ్చాడట. చూసి ముచ్చటపడి ఆ వీధిలో మరికొందరూ చేయించుకున్నారు. ఆయన కూడా గుంపులో ఉంటే పిలిచి, గిన్నె ఎందుకు పెట్టావని అడిగాను.

"దీపమంటే గిన్నె ఉండాల గదా సార్. గిన్నె లేని దీపం మేం చెక్కం," అన్నాడు.

అప్పుడు నా బుర్రకు తట్టింది. నూనె దీపానికి గిన్నె కావాలి. కొవ్వొత్తికి కావలసింది కారిన మైనం చల్లబడే వెడల్పాటి పళ్లెం. ఈ గిన్నెలో నెలల తరబడి మైనం పేరుకుంది. దాంట్లోనే కాలిన అగ్గిపుల్లలు, తెగిన వత్తి ముక్కలు పడేశారు. కొవ్వొత్తి అడుగంటేసరికి ఆ పుల్లలన్నీ వత్తులై, గిన్నెడు మైనం నూనెలా కాగి మండింది. మరిగే నూనె మంటలో నీళ్లు పోస్తే అవి క్షణంలో ఆవిరై మంటను పైకి ఎగదోస్తాయని, పోయకూడదని మాకు శిక్షణలో చెప్పారు. అది హోటళ్లకూ మిల్లులకూ సంబంధించిన పాఠమనుకున్నానే తప్ప, ప్రార్థన బల్ల మీది కొవ్వొత్తికి వర్తిస్తుందని నాకెన్నడూ తోచలేదు.

మాటలతో చెబితే యేసురత్నం నమ్మడు. పక్కింటి నుంచి అలాంటిదే ఇంకో స్తంభం తెప్పించాను. దాని గిన్నె కూడా సగానికి పైగా నిండే ఉంది. ఖాళీ స్థలంలో పెట్టించి, జనాన్ని దూరం జరిపి, మధ్యలో చిన్న కొవ్వొత్తి ముక్క, చుట్టూ అగ్గిపుల్లలు గుచ్చి వెలిగించాను. గిన్నె అంతా ఒకే మంటగా మారడానికి చాలాసేపు పట్టింది. కానిస్టేబులు కాపలా కాసిన బిందెనే తెప్పించి, అందరి ఎదుటా ఒక చెంబు ముంచి సగం తాగాను. మిగతా సగాన్ని పొడుగాటి వెదురుకు కట్టిన డబ్బాలో పోసి, గోడ చాటు నుంచి మంట మీద ఒలికించాను.

భుస్సుమని మంట గోడ దాటి పైకి లేచింది. పట్టపగలే అందరి ముఖాలూ ఎర్రబడ్డాయి. ఏం జరగబోతుందో తెలిసిన నేనే రెండడుగులు వెనక్కి వేశాను. మా డ్రైవరు రేకు మూత తెచ్చి, పక్కనుంచి జరిపి గిన్నె మీద కప్పాడు. మంట చప్పుడు లేకుండా ఆరిపోయింది. ఆరడమూ అంత తేలికేనా అని జనం మళ్లీ నివ్వెరపోయారు.

యేసురత్నం తల దించుకున్నాడు. వీరాచారి ముఖం పాలిపోయింది. ఆ స్తంభాన్ని ఎంతసేపు చూశాడో! తర్వాత సుత్తీ ఉలీ తెచ్చుకొని వీధి మొదటింటి నుంచి మొదలుపెట్టాడు. తను చెక్కిన ప్రతి గిన్నె అంచునూ తనే కొట్టేసి పళ్లెంలా చదును చేశాడు. రేకులు విరిగిపోతాయని ఇంటివాళ్లన్నా ఆగలేదు.

కారణం దగ్గర ప్రమాదమని రాసి సంతకం పెట్టాను. బండెక్కబోతుంటే సువార్తమ్మ వచ్చింది. ఆసుపత్రికి మాతోపాటు వస్తుందేమో అనుకున్నాను.

"దోవలో మా ఆయన ఏమన్నా అడిగినాడా సార్?" అంది.

నేను బండి వైపు తిరిగి గొట్టం చుట్ట సర్దాను. ఆమెకు అదే జవాబైంది.

"మీరే చెప్పండి సార్ ఆయనకు, అవి నీళ్లేనని," అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో చెప్పాను. దేవదానం కళ్లకు కట్లున్నాయి. చూపుకు భయం లేదన్నారు డాక్టర్లు. అంతా విని, ఆయమ్మ రాలేదా అని మాత్రం అడిగాడు. మర్నాడు వచ్చిందని తర్వాత తెలిసింది. మరుసటి ఏడు ఆమెకు నంద్యాల బదిలీ అయిందనీ, ఆమె ఒక్కతే వచ్చి చేరిందనీ కూడా విన్నాను.

ఆ తర్వాత బళ్లలో జాగ్రత్తల గురించి చెప్పడానికి వెళ్లినప్పుడల్లా కొవ్వొత్తితోనే మొదలుపెట్టేవాణ్ని. వెలిగించేముందు వత్తిని గోరంత ఉంచి కత్తిరించాలి. కారిన మైనంలో పుల్ల ముక్క కూడా ఉండకూడదు. తెరకూ కాగితాలకూ దూరంగా, పళ్లెంలో పెట్టాలి. వదిలేసి కునుకు తీయకూడదు. మైనం అంటుకుంటే నీళ్లు ముట్టకుండా మూత పెట్టాలి. ఈ ఉద్యోగంలో ఇవన్నీ నేర్పగలిగాను. కప్పురాయికి పట్టిన మసి ఒక వారంలో కడిగేశారట. బిందెలో ఏముందని భర్త ఒకసారి అడిగాక, ఆ అనుమానాన్ని ఆర్పే మూత మా బండిలో లేదు.